దూర్ నై, దేర్ హై



హైదరాబాద్ నుంచి జెద్దా ఎంత దూరం? ఫోన్‌ని అడిగితే క్షణంలో జవాబు చెప్పేస్తుంది. శంషాబాద్ నుంచి జెద్దా కింగ్ అబ్దుల్ అజీజ్ ఎయిర్‌పోర్ట్‌కి సుమారు 4,130 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు. మా కర్నూల్లో రాత్రి బస్సెక్కి తిరుపతి పోవడానికి ఇంతకంటే ఎక్కువ సేపే పడుతుంది.

మా అమ్మీని ఉమ్రాకి తీసుకుపోయేటప్పుడు నేనూ ఈ జవాబునే నమ్ముకున్నాను. ట్రావెల్స్ వాళ్ళ పాంప్లెట్‌లో కాబతుల్లా బొమ్మ కింద "హైదరాబాద్–జెద్దా, 6 గంటలు" అని పెద్ద అక్షరాలతో ఉంది. మధ్యలో ఖలీజ్‌లో ఒకచోట విమానం మారాలని ఏజెంట్ చెప్పాడు. ఎంతసేపు ఆగాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై ఏళ్ళుగా పదిమందిని ప్రశ్నలడిగి బతుకుతున్న జర్నలిస్టును. ఆ ఒక్క ప్రశ్న మాత్రం నా నోట రాలేదు. నేరుగా పోయే టికెట్‌కి మనిషికి తొమ్మిది వేలు ఎక్కువన్నాడు. ముగ్గురం. ఇరవై ఏడు వేలు మిగులుతాయన్న లెక్క దగ్గరే నా తెలివి ఆగిపోయింది.

ఆ సఫర్ ఎట్లా జరిగిందో గంటలతో సహా చెబుతాను. జుమేరాత్ రాత్రి ఇషా చదువుకుని తొమ్మిదికి ఇంట్లోంచి బయలుదేరాం. ఒంటిగంటకి శంషాబాద్ చేరాం. విమానం తెల్లవారుజామున 4.40కి. నాలుగు గంటల్లో ఖలీజ్‌లో దిగాం. అక్కడ తొమ్మిది గంటలు కూర్చున్నాం. మళ్ళీ రెండు గంటల యాభై నిమిషాల విమానం. జెద్దాలో దిగేసరికి అక్కడ సాయంత్రం ఆరు. ఇమిగ్రేషన్, సామాన్లు, తక్కిన గ్రూప్ వచ్చేదాకా బస్సు కోసం ఇంతిజార్. మక్కాలో హోటల్ గది తలుపు తెరిచేసరికి రాత్రి పదకొండు. మన గడియారంలో సనీచర్ తెల్లవారుజామున ఒంటిగంటన్నర.

మొత్తం ఇరవై ఎనిమిదిన్నర గంటలు. అందులో ఆకాశంలో ఉన్నది ఏడు గంటలు కూడా కాదు.

అమ్మీకి అరవై ఎనిమిదేళ్ళు. షుగర్ ఉంది, మోకాళ్ళు అరిగాయి. తొమ్మిది గంటలు ఇనుప కుర్చీలో కూర్చుంటే పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. గదిలోకి రాగానే మంచం మీద వాలిపోయింది. కిటికీలోంచి హరం మినార్ల వెలుగు కనిపిస్తోంది. ఏ చోటు కోసం జీవితమంతా చీటీలు కట్టిందో, పెళ్ళి గాజులు అమ్మిందో, ఆ చోటికి పది నిమిషాల నడక దూరంలో పడుకుని లేవలేకపోయింది. తవాఫ్ మరునాడు అసర్ తర్వాత వీల్‌చైర్‌లో చేయించాం. ఆ రాత్రి ఆమె పాదాలు ఒత్తుతూ "ఇంత దూరం అనుకోలేదమ్మీ" అన్నాను. కళ్ళు మూసుకునే అంది: "మక్కా దూర్ నై రే బేటా, దేర్ హై."

దూరం కాదు, ఆలస్యం. ఆ మాట అప్పటినుంచీ నాకు గుచ్చుకుంటూనే ఉంది. తిరిగొచ్చాక ఆ లెక్క తీద్దామని కూర్చున్నాను.

ముందు దూరం లెక్క. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి కాగితం మీది మ్యాప్‌లో స్కేలు పెట్టి గీసిన గీత కాదు. బంతి మీద దారం బిగించి పట్టుకున్నట్టు ఉంటుంది. మన ఖిబ్లా రుఖ్‌ని లెక్కగట్టేది కూడా ఈ పద్ధతిలోనే. హైదరాబాద్ నుంచి ఖిబ్లా అచ్చంగా మగ్రిబ్ వైపు కాదు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు తిరిగి ఉంటుంది. జెద్దా విమానం కూడా ఇంచుమించు ఆ రుఖ్‌లోనే బయలుదేరి అరేబియా సముద్రం, ఒమాన్ దాటి సౌదీలోకి పోతుంది. అంటే ముసల్లా మీద నిలబడి రోజుకు ఐదుసార్లు మనం ముఖం పెట్టే దారే ఇది.

ఇప్పుడు విమానం మారే దారి చూడండి. మిసాల్‌కి దుబాయ్ మీదుగా పోతే హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి జెద్దా సుమారు 1,700. రెండూ కలిపితే 4,250. నేరుగా పోయేదానికంటే పెరిగింది నూట ఇరవై కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ నూట ఇరవై దానికి పది నిమిషాలైనా కాదు. ఇంకోసారి దిగి, ఎక్కడానికి గంట వేసుకోండి. మరి మిగతా ఎనిమిది తొమ్మిది గంటలు ఎక్కడివి? అవి దూరానివి కావు. ఏ గంటలో సీటు చవగ్గా దొరుకుతుందో ఆ గంట కోసం మన పెద్దవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టిన గంటలు.

ఛార్జీ కూడా దూరాన్ని బట్టి ఉండదు. 2023లో ఆంధ్రప్రదేశ్ హాజీల కోసం గన్నవరం నుంచి విమానాలు నడిపారు. హైదరాబాద్ నుంచి పోయేదానికంటే అది రెండున్నర వందల కిలోమీటర్లు ఎక్కువ, అంతే. ఛార్జీ మాత్రం చాలా ఎక్కువ పడింది. ఆ తేడాను రాష్ట్ర ప్రభుత్వం భరించాల్సి వచ్చింది. ఎంతమంది ఎక్కుతారు, ఎన్ని కంపెనీలు పోటీ పడుతున్నాయి, ఏ సీజన్, తిరుగు విమానం ఖాళీగా వస్తుందా నిండుగా వస్తుందా, వీటిని బట్టి ధర. కిలోమీటర్లను బట్టి కాదు.

టికెట్ మీది టైములు ఇంకో గందరగోళం. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. పొద్దున 8కి శంషాబాద్‌లో ఎక్కితే జెద్దాలో 11.15కి దిగుతారని రాసి ఉంటుంది. చూసినవాళ్ళు మూడుంపావు గంటలే అనుకుంటారు. నిజానికి ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు రాత్రి 8కి ఎక్కితే తెల్లవారుజామున 3.40కి దిగుతారని ఉంటుంది. ఏడు గంటల నలభై నిమిషాలు కనిపిస్తుంది, నిజానికి ఐదు గంటల పది నిమిషాలే. వచ్చేటప్పుడు తగ్గడానికి కారణం పైగాలులు. ముఖ్యంగా చలికాలంలో అవి పడమర నుంచి తూర్పుకి వీస్తూ విమానాన్ని వెనక నుంచి తోస్తాయి. రంజాన్‌లో పోయేవాళ్ళకు ఈ తేడా కడుపుతో తెలుస్తుంది. సూర్యుడి వెంట పడమటికి పోతున్నారు కాబట్టి రోజా పొడుగవుతుంది. ఇఫ్తార్ హైదరాబాద్ టైముకి కాదు, తానున్న చోట సూర్యుడు మునిగినప్పుడు. ముసాఫిర్‌కి రోజా వదిలి తర్వాత ఖజా చేసుకునే రుఖ్సత్ ఉన్నది ఇందుకే. ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్ళకు మందు వేళలు కూడా ఇట్లాగే జరుగుతాయి. పోకముందే డాక్టర్ని అడిగి రాయించుకోవాలి.

మన ఫుఖహా ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. ముసాఫిర్ ఎవరు, ఖసర్ నమాజ్ ఎవరికి అన్న ప్రశ్న వచ్చినప్పుడు హనఫీ ఇమామ్‌లు మొదట మైళ్ళు చెప్పలేదు. మూడు రోజుల సఫర్ అన్నారు. మామూలు నడకతో, ఒంటె నడకతో, మధ్యలో తిండికీ నిద్రకీ ఆగుతూ మూడు రోజుల్లో ఎంత పోగలడో అంత. తర్వాతి ఉలమా దాన్ని 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. దూరాన్ని మొదట కొలిచింది మనిషి ఒంటితో. ఒక రోజు నడిచి ఆగే చోటు మంజిల్. ఖురాన్‌ని వారం రోజుల్లో తిలావత్ చేయడానికి ఏడు భాగాలు చేసినప్పుడు ఆ భాగాలకీ మంజిల్ అనే పేరు పెట్టారు. ఎంత దూరమన్నది ఎంత ఆపగలం, ఎక్కడ ఆగాలి అన్నదాంతో కలిపి చూసేవాళ్ళు. మనం కిలోమీటర్లనూ విమానం గంటలనూ పట్టుకుని ఒంటిని మరిచిపోయాం.

మీలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. "భాయ్, మా దాదాలు ఓడల్లో పోయారు. ముంబై దాకా రైలు, అక్కడ ముసాఫిర్‌ఖానాలో రోజుల తరబడి పడిగాపులు, ఆపైన సముద్రం మీద రోజులకు రోజులు. ఊరంతా తిరిగి కహా సునా మాఫ్ చేయించుకుని, కఫన్ గుడ్డ పెట్టెలో పెట్టుకుని పోయారు. తొమ్మిది గంటలు ఏసీలో కూర్చోలేమా?" నిజమే. ముంబై నుంచి హాజీల ఓడలు 1995 దాకా నడిచాయి. ఆ తరం సబర్‌కి మనం సలాం చేయాల్సిందే.

కానీ వాళ్ళకు ఏం జరగబోతోందో తెలుసు. తెలిసే నియ్యత్ చేసుకున్నారు, తెలిసే మూట కట్టుకున్నారు. ఆరు గంటలని చెప్పి వాళ్ళనెవరూ పడవెక్కించలేదు. తెలిసి పడే కష్టం సబర్. తెలియకుండా ఇంకొకరి నెత్తిన పెట్టే కష్టానికి మనం సబర్ పేరు పెట్టకూడదు. అమ్మీ ఆ తొమ్మిది గంటలూ నోరు మెదపలేదు. తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. అది ఆమె సబర్. దాన్ని చూపించి నేను తప్పించుకోలేను.

ఉమ్రా సఫర్‌లో ఇంకో నాజూకైన సంగతి ఉంది. మీఖాత్. ఇహ్రామ్ నియ్యత్ లేకుండా దాటకూడని హద్దు. మన వైపు నుంచి పోయే విమానాలు తాయిఫ్ దిక్కు నుంచి జెద్దాకి దిగుతాయి. ఆ దగ్గర్లోనే ఖర్నుల్ మనాజిల్ మీఖాత్. ఒంటె మీద పోయేవాడు అక్కడ దిగి, గుస్ల్ చేసి, రెండు రకాత్‌లు చదువుకుని, నిదానంగా ఇహ్రామ్ కట్టుకునేవాడు. విమానం నిమిషానికి పద్నాలుగు కిలోమీటర్ల దాకా పోతుంది. పైలట్ ఎలాన్ చేశాక బాత్రూమ్ ముందు లైన్‌లో నిలబడితే, వంతు వచ్చేసరికి మీఖాత్ వెనకపడిపోతుంది. అందుకే మగవాళ్ళు శంషాబాద్‌లోనే ఇహ్రామ్ గుడ్డలు కట్టుకుంటారు. నేరుగా పోతే ఆ రెండు గుడ్డల మీద ఆరు గంటలు. తొమ్మిది గంటల హాల్ట్ ఉంటే ట్రాన్సిట్‌లో కట్టుకోవాలి, లేదా శంషాబాద్ నుంచే కట్టుకుని ఆ చలి ఏసీలో పొద్దంతా వణకాలి. మా గ్రూప్‌లో డెబ్భై దాటిన ఒక చాచా ట్రాన్సిట్‌లో బాత్రూమ్ దొరక్క, తడి నేల మీద నిలబడి, గుడ్డలు తడుపుకుని, సిగ్గుతో ఏడ్చినంత పని చేశాడు. ఎంతసేపు ఎక్కడ ఆగుతామో ముందే చెప్పి ఉంటే ఆయన కొడుకు ఇంకో జత గుడ్డలు చేతి సంచీలో పెట్టేవాడు.

ఇది నసీబ్ అని వదిలేసే మాట కాదు, హక్‌కి సంబంధించిన మాట. సరుకులో ఐబ్ ఉంటే కొనేవాడికి చెప్పి అమ్మాలని మన దీన్ తిజారత్‌కి పెట్టిన షర్త్. పండు మచ్చ కనపడకుండా బుట్టలో అడుగున పెట్టడం తప్పని మనందరికీ చిన్నప్పుడే నేర్పారు. తొమ్మిది గంటల హాల్ట్‌ని "6 గంటలు" కింద దాచడం వేరే పనా? అల్లాహ్ ఇంటికి తీసుకుపోతామని గడ్డం మీద చెయ్యేసి చెప్పేవాళ్ళ దగ్గర ఈ అమానత్ ఇంకా ఎక్కువ ఉండాలి. అందరూ అట్లాంటివాళ్ళు కాదు. హాల్ట్ ఎంతో కాగితం మీద రాసిచ్చే ఏజెంట్లనూ చూశాను. వాళ్ళ ప్యాకేజీ రెండు రూపాయలు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి మనమే వాళ్ళను వదిలి అవతలి వీధికి పోతాం. కాబట్టి సగం గునాహ్ మన జేబుల్లో కూడా ఉంది.

ఇదే దారికి రెండో కొస కూడా ఉంది. అక్కడ పనిచేసే మన పిల్లలు. మా మొహల్లా అబ్బాయి ఒకడు జెద్దాలో ఒక ఇంట్లో డ్రైవర్. వాళ్ళ అబ్బా ఫజర్ వేళ పోయారు. కబురు అరగంటలో చేరింది. ఆ రాత్రికే హైదరాబాద్ విమానం ఉంది, సీట్లూ ఉన్నాయి. ఐదు గంటల దూరం. కానీ బయటికి పోయి మళ్ళీ రావడానికి కఫీల్ కాగితం కావాలి. కఫీల్ ఊళ్ళో లేడు. 2021 మార్చి నుంచి సౌదీలో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఆ వీసా తామే ఆన్‌లైన్‌లో తీసుకునే వీలు వచ్చింది. ఇంటి డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఆ మార్పులో లేరు. మన ఊళ్ళ నుంచి పోయిన బీదవాళ్ళలో చాలామంది చేసేది ఆ పనులే. జనాజాలో దేర్ చేయకూడదు కాబట్టి ఇక్కడ జొహర్ తర్వాత దఫన్ చేసేశారు. పిల్లాడు మూడో రోజు జియారత్ ఫాతిహా అయిపోతుండగా దిగాడు. ఖబరస్తాన్‌లో తడి మట్టి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. 4,130 కిలోమీటర్లు అతనికీ అంతే, సూట్ వేసుకుని పోయే ఇంజనీర్‌కీ అంతే. ఇంజనీర్ అదే రాత్రి వచ్చి జనాజాకి భుజం పట్టగలడు.

ఒకే దారి. ఉన్నవాడికి ఆరు గంటలు, లేనివాడికి ఇరవై ఎనిమిది గంటలు, కఫీల్ చేతిలో ఉన్నవాడికి మూడు రోజులు. అందుకే ఎంత దూరమని అడిగితే సరిపోదు అంటున్నాను. ఎవరికి ఎంత దేర్ అవుతుందో అడగాలి.

కఫీల్ కాగితం మన చేతుల్లో లేదు. దాని గురించి సర్కార్లను అడుగుతూనే ఉండాలి. ఉమ్రా టికెట్ మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఏజెంట్‌ని మూడు టైములు అడగండి: ఏ ఎయిర్‌పోర్ట్‌లో ఎన్ని గంటలు ఆగాలి, శంషాబాద్‌లో ఎక్కిన దగ్గర్నుంచి జెద్దాలో దిగేదాకా మొత్తం ఎంత, జెద్దా నుంచి మక్కా హోటల్‌కి బస్సు ఎవరెవరి కోసం ఆగుతుంది. జవాబు నోటితో కాదు, వాట్సాప్‌లో రాసివ్వమనండి. టైములు మన గడియారంలోకి మార్చి లెక్కపెట్టండి. ఇంటి నుంచి శంషాబాద్ దాకా పట్టే టైమును అందులో కలపండి. కర్నూలు, కడప, ఆదిలాబాద్ వాళ్ళకు అదే సగం సఫర్. వీల్‌చైర్ కావాలంటే టికెట్ తీసేటప్పుడే చెప్పండి. మందులు, ఒక జత బట్టలు చేతి సంచీలోనే ఉంచండి.

అరవై దాటినవాళ్ళు, షుగర్, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు పోతుంటే నేరుగా పోయే విమానానికే నియ్యత్ చేయండి. డబ్బు చాలకపోతే రెండు నెలలు ఆగండి, సీజన్ కాని రోజులు చూడండి. అప్పటికీ మజ్బూరీ ఉంటే చవక టికెట్‌తోనే పొండి, అందులో ఐబ్ ఏమీ లేదు. కానీ అమ్మీ అబ్బాలను కూర్చోబెట్టి "ఇన్ని గంటలు ఆగాలి, మీకు మంజూరేనా?" అని అడిగి పొండి. ఆ గంటలు మోసేది వాళ్ళ మోకాళ్ళు. మాట కూడా వాళ్ళదే కావాలి.

నేను మిగిల్చుకున్న లెక్క కూడా చెప్పి ముగిస్తాను. నేరుగా పోయి ఉంటే సుమారు పది గంటలు తగ్గేవి. తొమ్మిది వేలకు పది గంటలు. అంటే మా అమ్మీ గంటకి నేను కట్టిన ధర తొమ్మిది వందలు. మా ఊళ్ళో ఏసీ మెకానిక్ ఇంటికొచ్చి చూసి పోయినా ఇంచుమించు అంతే తీసుకుంటాడు. ఆ డబ్బు ఏమైందో కూడా నాకిప్పుడు యాద్ లేదు.

ఈ చలికాలం మా ఖాలా ఉమ్రాకి పోతోంది, ఇన్షా అల్లాహ్. మొన్న ఏజెంట్ ఇంటికొచ్చి పాంప్లెట్ బల్ల మీద పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మీ లోపల్నుంచి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఛార్జీ అడగలేదు, హోటల్ ఎంత దగ్గరో అడగలేదు. "బీచ్ మే కిత్తీ దేర్ బిఠాతే బాబా?" అని అడిగింది.